ఆరేళ్లలోపు బిడ్డ: ఎవరి గడప తొక్కాలి?

“అంగన్‌వాడీయా? అది లేనివాళ్లకు కదండీ, మాకెందుకు?” పట్నంలో కాస్త నిలదొక్కుకున్న ఇంట్లో అడిగితే వచ్చే జవాబు ఇది. పల్లెలో మాట వేరుగా ఉంటుంది: “గుడ్లు ఇచ్చే రోజు వెళ్లి తెచ్చుకుంటామండీ.” మొదటివాళ్లు అసలు గడప తొక్కరు. రెండోవాళ్లు సంచీ పట్టుకుని వెళ్లి, సంచీ నిండగానే తిరిగొస్తారు. బిడ్డను వెంట తీసుకెళ్లరు. ఇద్దరూ పోగొట్టుకునేది ఒకటే. బిడ్డ సరిగ్గా ఎదుగుతోందా లేదా అని నెలనెలా చూసి, తేడా కనిపిస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పే మనిషి వాళ్లకు లేకుండా పోతుంది.

ముందు ఆ ‘లేనివాళ్ల’ సంగతి తేల్చేద్దాం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్ పథకమే నేటి అంగన్‌వాడీలకు మూలం. ఇందులో చేరడానికి ఆదాయ పరిమితి లేదు, రేషన్ కార్డు అక్కర్లేదు. 2013 నాటి ఆహార భద్రత చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు ప్రతి బిడ్డకూ స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. కలిగినవారి బిడ్డ, లేనివారి బిడ్డ అన్న తేడా అందులో ఎక్కడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. మీ కాలనీ కూడా ఏదో ఒక కేంద్రం పరిధిలోకి వచ్చే ఉంటుంది. పట్టణాల్లో చాలా కేంద్రాలు అద్దె గదుల్లో ఉంటాయి కాబట్టి బోర్డు కంటికి కనబడకపోవచ్చు. మీ వీధి ఆశ కార్యకర్తను అడిగితే నేరుగా తీసుకెళ్తుంది. ఆశ ఎవరో కూడా తెలియదంటే, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో మీ వీధి పేరు చెప్పండి చాలు.

ఇక అసలు చిక్కు. బిడ్డ బరువు రాసుకునేది అంగన్‌వాడీ టీచర్. ఆమె స్త్రీ శిశు సంక్షేమ శాఖ మనిషి. టీకాలు వేసేది ఏఎన్‌ఎం. ఆమె వైద్యారోగ్య శాఖ. జనన ధ్రువపత్రం ఇచ్చేది పంచాయతీ లేదా మున్సిపాలిటీ. మాట రాని బిడ్డకు, నడవలేని బిడ్డకు పాఠాలు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయులు విద్యాశాఖ కింద పనిచేస్తారు. ఎవరి రిజిస్టరు వారిది, ఎవరి యాప్ వారిది. ఎవరికి వారే యమునా తీరే. టీచరు రిజిస్టర్లో బరువు తగ్గినట్టు రాసి ఉన్నా, ఆ వీధిలోనే టీకా వేసే నర్సమ్మకు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఈ నాలుగు శాఖల మధ్య కబురు మోసే ఉద్యోగం ఏ శాఖలోనూ లేదు. ఆ పని అమ్మానాన్నలే చేసుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ పనికి ఎవరిని అడగాలో తెలియాలి, ఏం అడగాలో తెలియాలి, ఇంట్లో ఒక కార్డు జాగ్రత్తగా దాచుకోవాలి.

ఆ కార్డు ముందు వెతకండి

గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్నప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు గుర్తుందా? చాలా ఇళ్లలో అది ఆసుపత్రి బిల్లుల కింద, పాత చీటీల మధ్య నలిగి ఉంటుంది. కాన్పు అయిపోయాక దానితో పనిలేదనుకుంటారు. నిజానికి కాన్పు తర్వాతే దాని ఉపయోగం ఎక్కువ. టీకాల పట్టిక అందులోనే ఉంటుంది. ఏ నెలకు బిడ్డ తల నిలపాలి, ఎప్పటికి కూర్చోవాలి, ఎప్పటికి పిలిస్తే పలకాలి అనేది బొమ్మలతో సహా ఉంటుంది. ఇంకో పేజీలో ఎదుగుదల పటం: మగపిల్లలకు వేరు, ఆడపిల్లలకు వేరు.

తూకం రోజు ఆ కార్డు తీసుకుని బిడ్డతో వెళ్లండి. 2018లో పోషణ్ అభియాన్ వచ్చాక కేంద్రాలకు ఎలక్ట్రానిక్ త్రాసులు, పొడవు కొలిచే బల్లలు ఇచ్చారు. కొన్నిచోట్ల ఇంకా జోలెలో వేలాడదీసి తూచే పాత కాటా కూడా కనిపిస్తుంది. ఏదైనా సరే, బిడ్డను ఎక్కించకముందు ముల్లు గానీ అంకె గానీ సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. చెప్పులు, స్వెటరు, చేతి కడియాలు తీసేయండి. వెండి మొలతాడు బరువు కూడా ఏడాది బిడ్డ తూకంలో తేడా తెస్తుంది. ఏడుస్తున్న పిల్లవాడు కాటా మీద కాళ్లు తన్నుతుంటే అంకె పైకీ కిందికీ ఊగుతుంది. అటువంటప్పుడు టీచరు “తొమ్మిదిన్నర వేసుకుందాంలే” అనకుండా, కాస్త ఆగి మళ్లీ తూయమని మీరే అడగండి. వెనకాల ఇరవై మంది క్యూలో ఉంటారు, ఆమెకూ తొందరే. అయినా అడగండి.

తూచాక “ఎన్ని కేజీలు?” అని అడిగి వచ్చేస్తాం. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: “చుక్క ఎక్కడ పెట్టారు టీచరు గారూ?” పోయిన నెల చుక్కకూ ఈ నెల చుక్కకూ గీత కలిపితే అది పైకి వెళ్తోందా, అడ్డంగా సాగుతోందా, కిందికి దిగుతోందా చూడాలి. పక్కింటి పిల్లవాడి కంటే మనవాడు సన్నగా ఉన్నాడన్నది పెద్ద సంగతి కాదు. మనవాడి గీతే రెండు నెలలుగా అడ్డంగా సాగుతోందంటే అది సంగతి. బొద్దుగా కనిపించే బిడ్డ గీత కూడా అలా ఆగిపోవచ్చు. కంటితో చూస్తే తెలియదు.

ఇంకో కొలత ఉంది, జబ్బ కొలత. ఆరు నెలలు నిండి ఐదేళ్లలోపు ఉన్న పిల్లల ఎడమ జబ్బకు రంగుల పట్టీ చుట్టి చూస్తారు. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పసుపు, 11.5కు తగ్గితే ఎరుపు. ఎరుపంటే తీవ్ర పోషకాహార లోపం, ఆ రోజే ఏఎన్‌ఎంకు చూపించాలి. రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతున్నా అంతే, నేరుగా ఆసుపత్రికి. అటువంటి పిల్లల కోసం పెద్దాసుపత్రుల్లో ఎన్‌ఆర్‌సీలు, అంటే పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి. బిడ్డతో పాటు తల్లినీ దాదాపు రెండు వారాలు ఉంచుకుంటారు, ఇద్దరికీ తిండి పెడతారు, తల్లి కోల్పోయే కూలికి బదులు కొంత డబ్బు కూడా ఇస్తారు. అయినా చాలామంది మూడో రోజుకే వచ్చేస్తారు, ఇంటి దగ్గర పెద్దబిడ్డను చూసుకునేవాళ్లు లేక. వెళ్లేముందే ఆ ఏర్పాటు చేసుకోండి. అమ్మమ్మను పిలిపించుకోవడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

తిండి విషయం రెండు ముక్కల్లో. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల వరకు పిల్లలకు ఇచ్చే బాలామృతం ప్యాకెట్ 2.5 కేజీలు, రోజుకు 100 గ్రాముల లెక్కన 25 రోజులకు ఒక్క బిడ్డకు సరిపోయే కొలత అది. ఇంట్లో జరిగేదేమిటంటే, నెయ్యి కలిపి లడ్డూలు చుడతారు, బడి నుంచి వచ్చిన అన్న రెండు, సాయంత్రం టీతో తాతయ్య ఒకటి, వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ. తాతయ్యను ఆపడం కష్టమే గానీ, బిడ్డ వాటా మాత్రం నెల మొదటి రోజునే వేరే డబ్బాలో పోసి పెట్టండి. మూడేళ్లు దాటిన బిడ్డకు కేంద్రంలోనే వండి పెడతారు, గుడ్డుతో సహా. ఇంటికి తెచ్చుకుంటామని అడగకండి. నలుగురితో కూర్చుని తింటే ఇంట్లో తినని కూర కూడా తింటారు పిల్లలు.

సూదులు

దీని గురించి మన తల్లులకు పెద్దగా చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది టీకాలు చాలావరకు వేయించేస్తున్నారు. చాలా ఊళ్లలో బుధ, శనివారాలు టీకాల రోజులు. జారిపోయేవి ఏడాది తర్వాతివి. 16 నుంచి 24 నెలల మధ్య మీజిల్స్-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్ ఉంటాయి. విటమిన్-ఎ ద్రావణం తొమ్మిదో నెలలో మొదలై ఆరు నెలలకోసారి ఐదేళ్ల వరకు, మొత్తం తొమ్మిది డోసులు. నాలుగో డోసు తర్వాత గుర్తుంచుకునే ఇల్లు నాకు అరుదుగా కనిపించింది. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల మాత్ర వేస్తారు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి అర మాత్రే, పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రిలో టీకాలు వేయించేవాళ్లు కూడా ఆ చీటీ తెచ్చి ఏఎన్‌ఎం చేత కార్డులో ఎక్కించుకోండి. రేపు ఊరు మారితే పనికొచ్చేది ఆ కార్డే.

“వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమే”

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

రెండున్నరేళ్ల మనవడు మాట్లాడటం లేదని కోడలు దిగులు పడుతుంటే, అత్తగారు ధైర్యం చెప్తుంది: “మా వాడికీ నాలుగో ఏటగానీ మాటలు రాలేదమ్మా. మగపిల్లలకు ఆలస్యమే. ఇప్పుడు వాడు బ్యాంకు మేనేజరు కాలేదూ?” ప్రేమతో అన్న మాటే. కొన్నిసార్లు నిజం కూడా అవుతుంది. కానీ ఆ ధైర్యం ఖరీదు ఒక్కోసారి రెండేళ్లు. చెవుడు గానీ, ఆటిజం గానీ, మరో ఎదుగుదల సమస్య గానీ ఉంటే మొదటి మూడు నాలుగేళ్లలో ఇచ్చే శిక్షణకు వచ్చే ఫలితం తర్వాత ఎంత చేసినా రాదు. సమస్య లేదని తేలితే పోయేదేముంది, ఒక రోజు బస్సు చార్జీలే కదా.

గుర్తులు కార్డులోనే ఉన్నాయన్నాను. మాటకు సంబంధించినవి ఇక్కడ చెప్తాను. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం. కావలసినది వేలితో చూపించకుండా మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం. రెండేళ్లు దాటినా ‘పాలు కావాలి’, ‘తాత వచ్చాడు’ లాంటి రెండు ముక్కలు కలిపి చెప్పలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చూపించాలి. ఇక, వచ్చిన మాటలు పోవడమంటే ఏ వయసులోనైనా సరే ఒక్కరోజు కూడా ఆగకూడదు. సెల్‌ఫోన్ ఎక్కువ చూపించడం వల్లే ఇదంతా అని ఇంట్లో పంచాయతీ మొదలవుతుంది. ఫోన్ తగ్గించడం మంచిదే. ఆ తప్పెవరిదో తేలేవరకు పరీక్ష వాయిదా వేయకండి.

మొదట తేలాల్సింది వినికిడి. “వింటాడండీ, తలుపు చప్పుడైతే తిరుగుతాడు” అంటారు. తలుపు చప్పుడు వినిపించే పిల్లలకు ‘స’, ‘ఫ’ లాంటి సన్నని ధ్వనులు వినిపించకపోవచ్చు. బిడ్డ నిద్రపోతుండగా తలకు చిన్న తీగలు అంటించి చేసే బెరా పరీక్షలో ఇది తెలుస్తుంది. నొప్పి ఉండదు.

ఎక్కడ చేస్తారు? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే కింద డాక్టర్లున్న బృందాలు ఏడాదికి రెండుసార్లు ప్రతి అంగన్‌వాడీకీ రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగింటి కోసం పిల్లలను చూస్తారు. తేడా ఉంటే జిల్లా స్థాయిలో ఉండే డైస్‌కు రాసిస్తారు. సత్వర చికిత్సా కేంద్రమన్నమాట. పిల్లల డాక్టరు, వినికిడి నిపుణులు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు, కంటి పరీక్ష చేసేవారు ఒకే కప్పు కింద ఉండేలా ఏర్పాటు చేసిన చోటు. సేవలన్నీ ఉచితం. మీ బిడ్డ ప్లేస్కూలుకు వెళ్తున్నా సరే, ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చే రోజు టీచరును అడిగి తెలుసుకుని అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. బృందం వచ్చేవరకు ఆగనక్కర్లేదు కూడా. పీహెచ్‌సీ డాక్టరు చేత రాయించుకుని నేరుగా డైస్‌కు వెళ్లొచ్చు.

అక్కడ ఒక మాట వినిపించవచ్చు: “ఇంకో ఆరు నెలలు చూద్దాం.” అప్పుడు నిదానంగా అడగండి: “సరే డాక్టరు గారూ. ఈ ఆరు నెలల్లో ఇంట్లో నేనేం చేయాలో చెప్పండి, మళ్లీ రావలసిన తేదీ కాగితం మీద రాయండి.” తేదీ రాసి ఉంటే ఆ కాగితం మిమ్మల్ని వెనక్కి లాక్కొస్తుంది. నోటిమాట అయితే సంక్రాంతి, పరీక్షలు, పెళ్లిళ్లు అడ్డొచ్చి ఏడాది గడుస్తుంది.

వారం వారం శిక్షణకు జిల్లా కేంద్రం దాకా తిరగడం కూలి చేసుకునే ఇంటికి అయ్యే పని కాదు. అక్కడ పనికొచ్చేవి మండలాల్లో విద్యాశాఖ నడిపే భవిత కేంద్రాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఐఈఆర్‌టీలనే శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఆడించడం, మాట్లాడించడం చేస్తారు; నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ చేయిస్తారు. కదల్లేని పిల్లల ఇంటికి వెళ్లి చెప్పడం కూడా వాళ్ల పనిలో భాగమే. ఎక్కడుందో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో చెప్తారు. అన్ని భవితలూ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల టీచరు బంగారం, గది శిథిలం. కొన్నిచోట్ల రంగులేసిన గది ఉంటుంది, టీచరు పోస్టు ఖాళీగా ఉంటుంది. వెళ్లి చూసుకోండి.

మరింత నిపుణులు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది; మేధో వైకల్యం మీద దేశానికంతటికీ అది ప్రధాన సంస్థ. వినికిడి కోసం ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సమగ్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. పెద్ద మొత్తం పోసి ప్రైవేటు థెరపీ మొదలుపెట్టే ముందు ఈ మూడింటిలో ఒకచోట బిడ్డను పరీక్ష చేయించి, ఏ శిక్షణ ఎంతకాలం కావాలో రాయించుకోండి. పట్టణాల్లో థెరపీ సెంటర్లు కొత్త బేకరీల్లా వెలుస్తున్నాయి. బోర్డు మీద రాసిందంతా లోపల ఉండదు. శిక్షణ ఇచ్చేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం మీ హక్కు.

చెవిటితనం తేలితే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స రెండు రాష్ట్రాల ఆరోగ్య పథకాల్లోనూ చిన్న పిల్లలకు ఉంది, వయసు పరిమితితో. అందుకే తొందర. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే సదరం ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసుకోవాలి. పింఛనుకైనా, బస్సు పాసుకైనా అదే ఆధారం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది. కార్డు తీసుకుంటే బిడ్డకు ‘ముద్ర పడిపోతుంద’ని, రేపు పెళ్లికి అడ్డమని వెనకాడే ఇళ్లు చాలా ఉన్నాయి. కార్డు మీ బీరువాలో ఉంటుంది. ఎవరికి చూపించాలో మీ ఇష్టం.

పేర్ల గొడవ

ఒక చిట్కా. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకాల పేర్లు మారతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య పథకం ఒక్కటే ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. పాత పేరు చెప్పి అడిగితే “ఆ పథకం లేదు” అన్న జవాబు వస్తుంది, అబద్ధం కాదు కూడా. కాబట్టి పని చెప్పి అడగండి: “మా పాప చెవి ఆపరేషన్‌కు ఏ పథకంలో వస్తుంది?” అని.

పనికెళ్లే తల్లి

నిజం చెప్పాలంటే ఈ విషయంలో మనకున్నది అంతంతమాత్రమే. అంగన్‌వాడీ మధ్యాహ్నానికో, సాయంత్రం కాకుండానో మూసేస్తారు. తల్లి డ్యూటీ ఆరింటికి గానీ అవ్వదు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను రోజంతా చూసే ‘పాల్నా’ పథకం కింద కొన్ని అంగన్‌వాడీలు శిశు సంరక్షణ కేంద్రాలుగా మారుతున్నాయి. మీ దగ్గర ఉందేమో సీడీపీవో, అంటే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి కార్యాలయంలో కనుక్కోండి. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి తెచ్చిన సవరణ చెప్పింది. ఉద్యోగంలో చేరేటప్పుడు, జీతం మాట్లాడుకునే రోజే ఈ సంగతి అడగాలి. ఒంటరిగా అడిగితే ‘చూద్దాం’ అంటారు. చిన్న పిల్లలున్న నలుగురైదుగురు కలిసి మెయిల్ పెడితే హెచ్‌ఆర్ వాళ్లకు చట్టం గుర్తొస్తుంది.

పక్కింటి పెద్దావిడకు నెలకు ఇంత అని ఇచ్చి వదిలి వెళ్లడమే మనలో ఎక్కువమంది చేసేది. తప్పేం లేదు. కానీ ఆ ఇంట్లో పగలు ఎవరెవరు ఉంటారు, సంపు మూతకు తాళం ఉందా, మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తు అన్నవి మొహమాటపడకుండా చూడండి. నీళ్ల డ్రమ్ము కూడా రెండేళ్ల బిడ్డకు ప్రమాదమే.

వలస వెళ్తే

పాలమూరు నుంచి ముంబయికో, శ్రీకాకుళం నుంచి చెన్నైకో పనికి వెళ్లే కుటుంబాలు “మన పేరు ఊళ్లో ఉంది కదా” అని అక్కడ అడగనే అడగవు. పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వచ్చినవారిని చేర్చుకునే వీలుంది. వెళ్లేముందు ఊళ్లో టీచరుకు చెప్పి, అక్కడికి వెళ్లాక దగ్గరి అంగన్‌వాడీలో తల్లి ఆధార్, బిడ్డ కార్డు చూపించండి. బిడ్డకు ఆధార్ లేదన్న కారణంతో కాదనకూడదు, తల్లిది సరిపోతుంది. భాష రాకపోయినా కార్డులోని అంకెలూ పటమూ ఎక్కడైనా ఒకటే.

తల్లికి బాగోలేకపోతే

పసిబిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు తల్లికి ఏడుపు ఆగకపోవడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే అది సోమరితనమూ కాదు, గాలీ ధూళీ కాదు. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతారు. ఆమె తనకు తాను చేసుకోలేదు. భర్తో, తోడికోడలో కలిపి ఫోన్ చేతికివ్వాలి. బిడ్డ మీద ఎవరైనా చేయి చేసుకుంటున్నట్టు, వేధిస్తున్నట్టు అనుమానం వస్తే 1098.

ఇవ్వకపోతే

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టకపోతే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. ముందుగా టీచరు మీద విరుచుకుపడకండి. గౌరవ వేతనం మీద పనిచేస్తూ, ఫోన్లో యాప్‌లు నింపుతూ, ఎన్నికల డ్యూటీలు కూడా చేసే మనిషి ఆమె. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె గుర్తుండే ఉంటుంది. సరుకు రాకపోవడం ఆమె చేతిలో లేని పని కావచ్చు. “ఈ నెల స్టాకు ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది?” అని అడిగితే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ తేలకపోతే సూపర్‌వైజర్, ఆపై సీడీపీవో. నోటితో చెప్పి రాకుండా తేదీ వేసి, బిడ్డ పేరు, కేంద్రం పేరు, ఏ నెలది ఏది రాలేదో నాలుగు వాక్యాల్లో రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలోనైతే ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లోనైతే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి; ఆ కాపీ జత చేసి ఇవ్వండి. ఆహారం అందించలేకపోతే దానికి బదులు భృతి ఇవ్వాలని ఆహార భద్రత చట్టమే ఎనిమిదో సెక్షన్‌లో చెప్పింది. రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నది ఇటువంటి ఫిర్యాదుల కోసమే.

మీ బస్తీకి అసలు కేంద్రమే లేకపోతే? ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న పల్లె గానీ మురికివాడ గానీ కోరితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పిల్లల పేర్లు, వయసులు ఒక తెల్లకాగితం మీద రాసి, తల్లుల సంతకాలు పెట్టించి సీడీపీవోకు ఇవ్వడమే దరఖాస్తు.

ఒకటో తరగతికి ముందు

పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే జనన ధ్రువపత్రానికి ఫీజు లేదు. బారసాల ఆలస్యమై పేరు లేకుండా తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వెళ్తే పేరు ఉచితంగా చేరుస్తారు. ఆ తర్వాతైతే రుసుము కట్టి 15 ఏళ్లలోపు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే, అందుకే అక్షర దోషాలు ఇప్పుడే దిద్దించుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది తల్లిదండ్రుల ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఉంచితే తర్వాత తిప్పలుండవు. ఐదేళ్లు నిండాక బిడ్డ ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప నమోదు చేయించాలి. ఐదు, ఆరేళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్ ఉంటుంది. అంగన్‌వాడీ నుంచి బడికి మారే వేసవిలోనే అది మరిచిపోతారు, ఎందుకంటే అప్పటికి టీచరు పిల్లవాడి పేరు కొట్టేస్తుంది, హెడ్మాస్టరు ఇంకా రాసుకోడు. ఆ రెండు నెలలూ గుర్తుపెట్టుకోవాల్సింది మీరే. బడిలో చేర్చే రోజు రక్షణ కార్డు జిరాక్సు ఒకటి హెడ్మాస్టరుకు ఇవ్వండి. అసలు కార్డు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.